మూడు రాత్రుల జాగారం

నిద్రపోయేవాడిని చూసి నవ్వే జనమంటే నాకు మొదటి నుంచీ పడదు. ఎక్కువ తినేవాడిని పహిల్వాన్ అని మెచ్చుకుంటారు. పాలు చెంబులకు చెంబులు ఎత్తి తాగేవాడిని చూసి ముచ్చట పడతారు. పొద్దెక్కేదాకా పడుకున్నవాడిని మాత్రం మొద్దునిద్ర వెధవ అంటారు. నన్ను అలా అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, నా గురువుతో సహా. ఆయనకు నేను ఎదురు తిరిగిన కథ ఇది. తప్పు చేశానని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. వల్లూరు దగ్గర నుంచి చిలమకూరు దాకా ఎవరి చేలో ఎరువు కావాలంటే ఆ చేలో రాత్రిపూట మంద కట్టేవాళ్ళం. మంద కడితే కావలి తప్పదు. తోడేలు వచ్చే రోజుల్లో మా నాయనా నేనూ వరసగా నాలుగైదు రాత్రులు కన్ను మూయకుండా కూర్చునేవాళ్ళం. ఒకసారి మొదటి రాత్రి అలా కూర్చున్న మర్నాడు కుంటి గొర్రెపిల్లను భుజాన వేసుకుని నడుస్తున్నాను. ముందు రోజు ఎత్తుకున్న పిల్లే. కానీ పొట్టేలంత బరువుంది. అర మైలు పోకముందే దించేసి, "ఇది ఒక్క దినంలో ఇంత ఎట్ల పెరిగింది నాయనా?" అని అడిగాను. మా నాయన నవ్వాడు. "పిల్ల పెరగల్యా. నీకు నిద్దర తరిగింది" అన్నాడు. కుస్తీ గురించి నాకు మొదటి పాఠం చెప్పింది కుస్తీ అంటే తెలియని ఆ మనిషే.

ఇరవై రెండేళ్ళప్పుడు ప్రొద్దుటూరు వచ్చి, కుస్తీ నేర్చుకోవడానికి షంషుద్దీన్ ఉస్తాద్ తాలింఖానాలో చేరాను. చేరిన రోజు ఇద్దరు ముగ్గురు ముక్కు మూసుకుని, గొర్రె వాసన వస్తోందన్నారు. అరవై ఏళ్ళ ఉస్తాద్ గోదాలో నిలబడి, ఎర్రమట్టి గుప్పెడు తీసి నా వీపుకు రాశాడు. "మట్టిలేకి దిగినాక అందరికీ ఒగటే వాసన" అన్నాడు. ఆ మాటకు ఆయన కోసం ప్రాణమిచ్చేయొచ్చు అనిపించింది. పండుకోవడానికి తాలింఖానా వెనక చాప వేయించాడు. రెండేళ్ళు అదే నా ఇల్లు. ఉన్న ఒక్క స్నేహితుడు ఉస్మాన్, మగ్గం నేసేవాళ్ళ అబ్బాయి. వాడు నన్ను మామా అంటాడు, నేను వాణ్ణి మామా అంటాను.

ఉస్తాద్‌లో అన్నీ మంచి గుణాలే, ఒక్కటి తప్ప. కుస్తీకి ముందు నిద్రపోకూడదని ఆయన పట్టు. నిద్రపోతే కల వస్తుంది, కలలో మగవాడి సత్తువ జారిపోతుంది, అందుకని జాగారం చెయ్యాలి. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు జమ్మలమడుగు ఉరుసు కుస్తీలో రాత్రంతా మేలుకుని వెళ్ళి గెలిచాడట. ఆ గెలుపు కథ మా తాలింఖానాలో వెయ్యిసార్లు విన్నాం.

పులివెందుల తాలింఖానా వాళ్ళు ఆ ఉరుసుకు రావడం మొదలుపెట్టినప్పటి నుంచి మేం ఓడిపోతున్నాం. మొదటి ఏడు ఒక రాత్రి మేలుకుని వెళ్ళి ఓడాం. ఎవడో రహస్యంగా కునుకు తీసి ఉంటాడని మరుసటి ఏడు ఉస్తాద్ రెండు రాత్రులు చేశాడు. అప్పుడూ ఓడాం. ఆ పై ఏడు మళ్ళీ రెండు రాత్రులే, కానీ ఆయనే కర్ర పట్టుకుని కావలి కూర్చున్నాడు. పులివెందుల పహిల్వాన్ జియావుల్లా మీదికి ఉస్మాన్ దిగాడు, ఓడాడు. ఇక మూడు రాత్రులు అన్నాడు. వెర్రి వేయి విధాలంటారు, మాది రాత్రుల లెక్కన పెరిగింది.

ఉస్మాన్ ఓడి వచ్చిన రోజు నాతో ఒక మాట చెప్పాడు.

"ముందు పది నిమిషాలు జియావుల్లాను గోదా చుట్టూ తిప్పినా మామా. నా కంటే వానికి బలమేం ఎక్కువ ల్యా. ఆ తర్వాత చేతులు నావి కావనిపించింది. వాడు నన్ను పడేసినాడని అందరూ అనుకుంటాండారు. వాడు పడేయల్యా. ఇంగ సాలు అనిపించి నేనే పడినా."

నాకు ఆ కుంటి గొర్రెపిల్ల గుర్తొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ అని కొత్త పేరు వచ్చిన మరుసటి ఏడు, ఉరుసుకు పది రోజుల ముందు, అలవాటు కోసమని ఉస్తాద్ అందరి చేతా ఒక రాత్రి జాగారం చేయించాడు. ఆ ఏడు గోదాలో దిగే వంతు నాది. తెల్లవారాక రాతిగుండు ఎత్తమన్నాడు. వరసగా అందరం ఎత్తాం. ఎప్పుడూ ఎత్తేంత ఎత్తుకే ఎత్తాం, ఒక్క అంగుళం తగ్గలేదు.

"సూసినారా. సత్తువ యాడికన్నా పోయిందా?" అన్నాడు ఉస్తాద్, మీసం మీద చెయ్యేసి.

అబద్ధం కాదు. సత్తువ ఉంది. తర్వాత బస్కీలు తీయమన్నాడు. ఉస్మాన్ మామూలుగా ఐదు వందల బస్కీలు తీస్తాడు, తీసి పాట పాడుకుంటూ పోతాడు. ఆ రోజు మూడు వందల దగ్గర కూలబడ్డాడు.

"తొడలు మండిపోతాండాయి ఉస్తాద్. నాతో కాదు."

ఉస్తాద్ కర్రతో వాడి పక్కన నేల మీద ఫెళ్ళుమని కొట్టాడు. ఉస్మాన్ అదిరిపడి లేచాడు. లేచి ఇంకో డెబ్భై తీశాడు.

"ఇదేంది మల్ల? కాదన్నోడు డెబ్బై ఎట్ల తీసినాడు?" అని ఉస్తాద్ నా వైపు చూశాడు.

"అదే నేనూ అడుగుతాండా ఉస్తాద్" అన్నాను. "డెబ్బైకి సరిపోయే సత్తువ వాని తొడల్లోనే ఉండాది. ఉండాదని వానికి తెలీల్యా. నిద్దర లేనోనికి బరువు పెరగదు, బరువు ఎక్కువున్నట్ల అనిపిస్తాది. గుండు ఎత్తేది ఒక్క గుక్క పని, దానికి నడుస్తాది. అరగంట కుస్తీకి నడవదు. మనోళ్ళు ఓడిపోతాండేది సత్తువ సాలక కాదు, ముందే సాలు అనిపించి."

"అది మనసు సోమరితనం. కర్రతో పోతాది."

"గోదాలో మన ఎనక కర్ర పట్టుకోని ఎవురుంటారు ఉస్తాద్? ముందర జియావుల్లా ఉంటాడు, అంతే."

ఉస్తాద్‌తో అలా మాట్లాడినవాడు అంతకు ముందు లేడు. ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా ఆయనా మేలుకునే ఉన్నాడు మరి.

"ఈడ నా మాటే నడుస్తాది. మూడు రాత్రులు జాగారం. కుదరదంటే గోచీ తీసుకోని పో" అన్నాడు.

నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఆ తాలింఖానా తప్ప నాకు ఊళ్ళో చోటు లేదు. ఆ మనిషి తప్ప నన్ను పహిల్వాన్ అన్నవాడు లేడు. మాట వింటే ఓడిపోతాను, వినకపోతే వెళ్ళిపోవాలి. వారం రోజులు ఇదే ఆలోచన. దొంగచాటుగా నిద్రపోయి మేలుకున్నట్టు నటించొచ్చు, మాలో కొందరు చేసేది అదే. నాకది నచ్చలేదు. నిద్ర ఏం దొంగసొత్తా, దాచుకుని తినడానికి?

శుక్రవారం కుస్తీ. మంగళవారం పొద్దున అందరి ముందూ ఉస్తాద్ ఎదుట నిలబడ్డాను.

"నేను జాగారం చేయను ఉస్తాద్. మూడు రాత్రులూ పండుకుంటా. పండుకోనే వచ్చి జియావుల్లాతో తలపడతా."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నా చాప చుట్టి తెచ్చి గుమ్మం బయట పెట్టాడు. "నాకు సుబ్బన్న అనే శిష్యుడు ల్యా" అని లోపలికి వెళ్ళి, "ఉస్మాన్, శుక్రారం నువ్వు దిగు" అన్నాడు.

గోచీ చంకలో, చాప నెత్తిన పెట్టుకుని వీధిలో నడుస్తుంటే ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మా వాళ్ళు మందతో ఎక్కడో ఉన్నారు. ఉస్మాన్ ఇంట్లో మగ్గం పోగా మిగిలిన చోటులో ఎనిమిది మంది పడుకుంటారు. ఎటు పోవాలో తెలియక నడుస్తుంటే ఉస్తాద్ ఇంటి గుమ్మంలోంచి ఖాతూన్‌బీ అమ్మ పిలిచింది. ఆమె ఉస్తాద్ భార్య. రెండేళ్ళుగా నాకు జొన్నరొట్టె పెట్టిన తల్లి.

"యాడికిరా, చాప నెత్తిన పెట్టుకోని?"

జరిగిందంతా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"మూడు రాత్రులు మీ ఉస్తాద్ ఇంటికి రాడు, ఆడ కర్ర పట్టుకోని కావలి ఉంటాడు. మంచం ఖాళీ. నువ్వు పండుకో పో."

"ఉస్తాద్ మంచం మీదనా? వద్దమ్మా. కండ్లు పోతాయి."

"పోవు గానీ, కూసో. ఒక మాట చెప్తా." ఆమె గొంతు తగ్గించింది. "మీ ఉస్తాద్ జమ్మలమడుగులో గెల్సింది మా పెండ్లయిన నాల్గో దినం. రాత్రంతా జాగారం చేసి పోయినాడంట. ఎవురు చేసినారు జాగారం? గుర్రు పెట్టి నిద్దరపోయినాడు. పొద్దెక్కినా లేయకపోతే మొగాన చెంబెడు నీళ్ళు కొట్టి లేపింది నేను."

చాప దించి గుమ్మంలోనే కూలబడ్డాను.

"మల్ల ఉస్తాద్ ఎందుకట్ల చెప్తాడమ్మా?"

"సిగ్గురా. కొత్త పెండ్లికొడుకు ఆలస్యంగా లేసినాడంటే నలుగురు నగరా? దావలో ఎవురో అడిగితే జాగారం చేసినా అన్న్యాడు. ఆ దినం ఓడిపోయింటే ఆ మాట ఆడనే సచ్చిపోయేది. గెల్సినాడు, దాంతో ఆ అబద్ధానికి గూడా పేరొచ్చె. నలభై ఏండ్లు చెప్పి చెప్పి ఇప్పుడు ఆయప్పే నమ్ముతాండాడు."

"నువ్వు యాపొద్దూ చెప్పల్యా?"

"మొగుని పరువు గదప్పా. పోనీలే అనుకున్న్యా. కానీ పోయినేడు ఉస్మాన్ పీనుగు మాదిరి ఇంటికొచ్చినప్పట్నుంచి నాకు మనసు బాగల్యా." లేచి వెళ్ళి మంచం మీద బొంత పరిచింది. "పండుకో. ఎవురన్నా అడిగితే నేనే పండుకోమన్న్యానని చెప్పు."

ఆ మూడు రోజులు నేను నిద్రపోయినట్టు రాజులు కూడా పోయి ఉండరు. దీపాలు పెట్టే వేళకు పడుకుంటే పాలవాడు వచ్చేదాకా మెలకువ లేదు. పగలు పెన్నలో ఇసుక మీద ఒక్కణ్ణే బస్కీలు తీసుకున్నాను. తాలింఖానా వాళ్ళు బజారులో ఎదురైతే పక్కకు తిరిగి పోయేవాళ్ళు. పోతే పోనీ. గురువారం వాళ్ళ కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. ఒకడైతే టీ అంగడి ముందు నిలబడే జోగుతున్నాడు. నా మీద వాళ్ళకు ఉన్నది కోపమో కుళ్ళో నాకు తెలియలేదు.

శుక్రవారం పొద్దునే ఖాతూన్‌బీ అమ్మ పెట్టిన రొట్టె తిని, నేనొక్కణ్ణే జమ్మలమడుగు బస్సెక్కాను. వెళ్ళేసరికి గోదా చుట్టూ జనం. పులివెందుల వాళ్ళు ఒక వైపు, మా వాళ్ళు ఒక వైపు. ఉస్తాద్ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. జియావుల్లా మధ్యలో నిలబడి తొడ చరిచాడు. డప్పు మోగింది.

"ఉస్మాన్, దిగు" అన్నాడు ఉస్తాద్.

ఉస్మాన్ రెండు అడుగులు వేశాడు. గోదా అంచున ఆగి, అక్కడే మట్టి మీద చతికిలబడ్డాడు.

"నేను దిగను ఉస్తాద్. కొట్టినా సరే దిగను. మూడు రాత్రులాయ. నా కాళ్ళు నాకే బరువుగా ఉండాయి. సుబ్బన్న ఈడనే ఉండాడు, వాడు దిగుతాడు."

ఉస్తాద్ కర్ర ఎత్తాడు. ఉస్మాన్ కదల్లేదు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే దిగిపోయింది.

నేను చొక్కా విప్పి లోపలికి నడిచాను. గురువు పేరు చెప్పకుండా ఆ గోదాలో ఎవరినీ దిగనివ్వరు. కుస్తీ నడిపే పెద్దమనిషి అడ్డం వచ్చి అడిగాడు.

"ఎవురి శిష్యుడివి?"

"షంషుద్దీన్ ఉస్తాద్ శిష్యుణ్ణి."

ఆ పెద్దమనిషి ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్, "వాడెవుడో నాకు తెలీదు" అన్నాడు.

"ఆయనకు తెలీకపోయినా నాకు తెలుసు" అన్నాను. "నా వీపుకు మొదట మట్టి రాసింది ఆయన. అది ఆయన తుడుస్తానన్నా పోదు. డప్పు కొట్టమనండి."

జనంలో ఎవరో ఈల వేశారు. పెద్దమనిషి నవ్వి పక్కకు తొలగాడు.

నిద్ర నాకు కొత్త బలమేదీ ఇవ్వలేదు. ఈ సంగతి దాచను. జియావుల్లా నాకంటే బరువైనవాడు, పట్లు తెలిసినవాడు. మొదటి పావుగంటలో రెండుసార్లు నన్ను దాదాపు వెల్లకిలా వేశాడు. రెండుసార్లూ మెడ మీద ఆగి పక్కకు దొర్లి బయటపడ్డాను. రొప్పుతున్నాను, నోట్లో మట్టి, కళ్ళలో చెమట. ఉస్మాన్ చెప్పిన ఆ "ఇంగ సాలు" అనే మాట నాలో ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ ఉన్నాను. లేవలేదు. అలసట ఉంది, చాలా ఉంది. కానీ చేతులు ఇంకా నావే.

ఆ మాట కోసం ఎదురు చూస్తున్నది నేనొక్కణ్ణే కాదు. మూడేళ్ళుగా ప్రొద్దుటూరు వాళ్ళు పావుగంట దాటగానే మెత్తబడటం జియావుల్లాకు అలవాటైపోయింది. నా మెడ మీద చెయ్యేసి బరువంతా మోపి, ఇక వీడు పడిపోతాడులే అన్నట్టు కొంచెం ఆగాడు. ఊపిరి తీసుకోవడానికి పట్టు సడలించాడు. అంతే. వాడి చంక కింద తల దూర్చి, నడుము పట్టి ఎత్తాను. నిద్ర తరగని రోజు ఎత్తుకున్న కుంటి గొర్రెపిల్ల బరువే అనిపించింది. వాడి వీపు మట్టికి తగిలిన చప్పుడు నాకు వినపడలేదు, జనం అరుపులో కలిసిపోయింది.

జియావుల్లా మంచివాడు. లేచి దులుపుకుని నా చెయ్యి పైకెత్తాడు. కుస్తీ నడిపే పెద్దమనిషి పట్టు తలపాగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. గెలిచినవాడు దాన్ని తన నెత్తిన పెట్టుకోడు, తీసుకెళ్ళి గురువు తలకు కడతాడు. అక్కడ ఆచారం అది. తలపాగా పట్టుకుని ఉస్తాద్ ముందుకు వెళ్ళాను. ఆయన చేతులు కట్టుకుని గడకర్రలా నిలబడ్డాడు. తల వంచలేదు. నాకంటే జానెడు పొడుగు మనిషి, ఆయన వంచకపోతే నాకు అందదు. చుట్టూ జనం చూస్తున్నారు.

"నిద్దరపోయి గెల్సినోని పాగా నాకొద్దు" అన్నాడు.

"అవును, నిద్దరపోయినా ఉస్తాద్" అన్నాను, అందరికీ వినపడేలా. "మూడు రాత్రులూ కడుపునిండా నిద్దరపోయినా. మీ ఇంట్లోనే. మీ మంచం మీదనే."

"నా మంచం మీదనా?"

"ఖాతూన్‌బీ అమ్మ బొంత పరిచి మరీ పండుకోబెట్టింది. కొత్త పెండ్లికొడుకు సంగతి గూడా..."

అంతవరకే అన్నాను. ఆయన మొహంలో రంగు మారింది. ఒక్క క్షణం నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పట్టుబడిన పిల్లవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు. తల వంచాడు. వంచి, నాకొక్కడికే వినపడేటట్టు, "కట్టరా తొందరగా. మల్ల నోరిప్పొద్దు" అన్నాడు.

కట్టాను. ముడి సరిగా పడలేదు. జనం చప్పట్లు కొడుతుంటే ఆయన తలెత్తి ఉస్మాన్‌ను, మిగతావాళ్ళను చూశాడు. "ఇంటికి పోయి అందరూ పండుకోండి. ఆదివారం దాకా ఎవుడన్నా తాలింఖానాకు వస్తే కాళ్ళు ఇరగ్గొడతా" అన్నాడు. ఆయన తప్పు ఒప్పుకునే పద్ధతి అంతకంటే మెత్తగా ఉండదు.

సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో ఉస్తాద్ నా పక్కన కూర్చున్నాడు. ఏమైనా మాట్లాడతాడేమో అనుకున్నాను. బస్సు జమ్మలమడుగు దాటకముందే ఆయన తల నా భుజం మీద వాలింది. తలపాగా ఒక చెవి మీదికి జారింది. అప్పుడు తట్టింది నాకు. మేం నిద్రపోకుండా చూడటానికి ఆయన కూడా ప్రతిసారీ మేలుకునే ఉన్నాడు. ఈ మూడు రాత్రులూ, పోయినేడు రెండూ. అరవై ఏళ్ళ మనిషి. పడుచువాళ్ళం మేమే నిలవలేకపోయామే. ఆయన మీద ఉన్న కోపమంతా ఆ బరువైన తల కింద ఎటో పోయింది. భుజం తిమ్మిరెక్కినా కదల్చలేదు.

ప్రొద్దుటూరులో అందరూ దిగిపోయారు. ఉస్తాద్ గుర్రు పెడుతున్నాడు. కండక్టర్ వచ్చి, "పెద్దాయన్ను లేపు అప్పా. బండి షెడ్డుకు పోవాల" అన్నాడు.

"లేపను."

"లేపకపోతే ఎట్ల? నేను లేపుతా." ఉస్తాద్ భుజం మీదికి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి నేను గాలిలోనే పట్టుకున్నాను. పొద్దున జియావుల్లాను పట్టుకున్న పట్టు కూడా అంత గట్టిగా లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

"ఈ మనిషిని ఎవురూ లేపేది ల్యా" అన్నాను. "షెడ్డుకైతే షెడ్డుకే పోనీ. మేమూ వస్తాం."